అల్లుడు గారి మూత

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు సంతకం పెట్టడం చేతకాదు.

నలుగురి మొగుళ్ళూ ఎవరు ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ టకటకా సంతకం గీకేసి కాఫీకి వెళ్ళిపోతారు. ఈయన చదువుతారు. గ్యాస్ బండ తెచ్చినవాడు ఖాళీ బండ భుజాన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా, రసీదు వెనకవైపు చీమల బారులాగా అచ్చువేసిన షరతులన్నీ చదువుతారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు వినాయక చవితి ఏర్పాట్లకు సమ్మతి పత్రం పంపిస్తే, "సదరు కమిటీ" అంటే ఏ కమిటీయో ముందు తేల్చమని తిప్పి పంపారు. మా పెళ్ళి రిజిస్టరు మీద సంతకం పెట్టేముందు ఈయన ఆగిన ఆ కాసేపట్లో మా నాన్నకు చెమటలు పట్టాయి. తీరా చూస్తే ఆయన తారీఖు సరిచూస్తున్నారు.

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం ఇవ్వకూడదో సరిగ్గా ఆ ఉద్యోగమే ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో గిరగిర మిక్సీలు తయారుచేసే కంపెనీలో నాణ్యతాధికారి. మిక్సీలు లారీ ఎక్కాలంటే చిదంబరరావు అనే మా ఆయన సంతకం పడాలి.

గిరగిర మిక్సీ మంచిదే. మోటారు మొండిది. బ్లేడు పసుపుకొమ్మును కూడా పిండి చేసి వదులుతుంది. మూత ఒక్కటే నిలవదు. కొబ్బరి పచ్చడి వేసినంతసేపూ బుద్ధిగా కూర్చుంటుంది. ఉడికిన టమాటాలు వేశామో, ఆవిరి తగిలి పైకి లేస్తుంది. ఆ తర్వాత టమాటా ఎక్కడిదాకా వెళుతుందన్నది వంటింటి ఎత్తును బట్టి ఉంటుంది.

ఈ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు. పైకి అనేవాళ్ళే లేరు. ఎందుకంటే ఆ మూత అల్లుడు గారిది.

ఛైర్మన్ వీరభద్రయ్య గారు పెద్దమ్మాయి పెళ్ళి చేసిన కొత్తలో, అల్లుడు హరనాథ్ గారికి కంపెనీలో ఏదైనా గౌరవమైన పని అప్పగించాలనుకున్నారు. మోటారు అప్పగించడానికి ధైర్యం చాలక మూత అప్పగించారు. హరనాథ్ గారు కాగితం మీద ఒక మూత గీశారు. మామగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి "అద్భుతం!" అన్నారు. ఆ క్షణం నుంచీ ఆ మూతకు వంక పెట్టడమంటే, పెళ్ళి పందిట్లో నిలబడి పెళ్ళికొడుకు ముక్కు బాగాలేదనడంతో సమానమైంది. రిపేరుకు వచ్చిన మిక్సీల మీద సర్వీసు సెంటర్ వాళ్ళు చీటీ కడతారు కదా, దాని మీద "మూత ఎగురుతోంది" అని రాయరు. "మూతకు ఉత్సాహం ఎక్కువ" అని రాస్తారు.

మా ఆయన దీనికి ఉపాయం కనిపెట్టారు. మూత అంచున ఉన్న రబ్బరు కాస్త మందంగా వేసి, రెండు పక్కలా రెండు క్లిప్పులు పెట్టడం. అంతే. రెండేళ్ళ నుంచీ దానికి ఎవరూ ఔననలేదు, కాదననూ లేదు.

ఈలోగా కంపెనీకి వ్యూహం వచ్చింది.

ఎలా వచ్చిందంటే, ఛైర్మన్ గారు ఒక పెద్ద హోటల్లో పారిశ్రామికవేత్తల సదస్సుకు వెళ్ళారు. వేదిక మీద పక్కన కూర్చున్నవాళ్ళందరూ తమ తమ కంపెనీల వ్యూహాత్మక లక్ష్యాల గురించి మాట్లాడారట. ఈయన దగ్గర చూస్తే మిక్సీలు తప్ప ఏమీ లేవు. సిగ్గుతో తిరిగొచ్చి, మర్నాడే హైదరాబాద్ నుంచి అన్వేష్ అనే సలహాదారును పిలిపించారు. కుర్రాడు చురుకైనవాడు. ఎండాకాలంలో కోటు వేసుకుని ఆటోనగర్‌లో తిరగగలిగినవాడు.

వచ్చిన వారానికే ఫ్యాక్టరీ గేటు మీద గుడ్డ బ్యానర్ కట్టారు. నాలుగు లక్ష్యాలు. దేశవ్యాప్త విస్తరణ. డిజిటల్ పరివర్తన. గృహిణితో భావోద్వేగ బంధం. లోపరహిత సంస్థ.

"ఈ నాలుగు స్తంభాలకూ తోడ్పడని పని ఏదీ ఇకమీదట ఈ ప్రాంగణంలో జరగరాదు. ప్రతి విభాగమూ తన పనిని ప్రాజెక్టుగా సమర్పించాలి. ప్రాధాన్య మండలి మార్కులు వేస్తుంది. మార్కులను అనుసరించి స్థానం, స్థానాన్ని అనుసరించి అనుమతి," అని అన్వేష్ ప్రకటించాడు.

మొదటి దెబ్బ కుళాయికి తగిలింది. మెషిన్ షాపు పక్కన కుళాయి కారుతోందని రాసి పంపితే సున్నా మార్కులు వచ్చాయి. కుళాయి బిగించడం ఏ స్తంభానికి తోడ్పడుతుందని అడిగారు. వారం తిరిగేసరికి అందరికీ కిటుకు తెలిసిపోయింది. అదే కుళాయిని "జలవనరుల డిజిటల్ పరివర్తనకు పూర్వరంగం" అని రాసి పంపితే తొంభై వచ్చాయి. క్యాంటీన్ వాళ్ళు ఇడ్లీ మెత్తదనాన్ని దేశవ్యాప్త విస్తరణ కింద పెట్టారు. గేటుకు రంగు వేయడం భావోద్వేగ బంధమైంది.

అందరూ దరఖాస్తు పెట్టారు గానీ మిక్సీలు చేసేవాళ్ళు పెట్టలేదు. వాళ్ళకు తోచలేదు పాపం. సోమవారం పొద్దున వచ్చి చూస్తే మిక్సీలు బిగించే షెడ్డుకు కరెంటు లేదు. ఫోర్‌మన్ పరిగెత్తుకుంటూ వెళ్ళి అడిగాడు.

"మిక్సీలు తయారుచేయడం మీ ప్రాజెక్టా?" అన్నాడు అన్వేష్.

"ప్రాజెక్టేంటి బాబూ, అది పని!"

"రోజువారీ అలవాటన్నమాట. అలవాట్లకు ప్రాధాన్యం ఉండదండీ."

రెండు రోజుల తర్వాత, మిక్సీల తయారీని మిక్సీల మ్యూజియానికి నమూనాలు సమకూర్చే పథకంగా చూపించి కరెంటు తెచ్చుకున్నారు. ఆ మ్యూజియం పెద్దల్లుడు హరనాథ్ గారి ప్రాజెక్టు. చిన్నల్లుడు పృథ్వీ గారిది యాప్. మిక్సీ తిరుగుతున్నప్పుడు "మీ మిక్సీ తిరుగుతోంది" అని ఫోనుకు కబురు పంపుతుంది. దూరంగా ఉన్నవాళ్ళ సౌకర్యం కోసం. దగ్గరున్నవాళ్ళకు ఎలాగూ వినబడుతుంది.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. మార్కులు కూడితే యాప్‌కు ఒక మార్కు ఎక్కువ వచ్చింది.

ఛైర్మన్ గారు కుర్చీలోంచి లేచిపోయారట. "పెద్దల్లుడు గారిని రెండో బంతిలో కూర్చోబెడతావటయ్యా? రేపు మా అమ్మాయి మొహం ఎలా చూడమంటావ్?"

"సర్, ఇది శాస్త్రీయమైన మదింపు…"

"నీకు పెళ్ళైందా?"

"లేదు సర్."

"అందుకే."

కొంతసేపు చర్చించి, ఇద్దరల్లుళ్ళకూ మొదటి స్థానమే ఇచ్చారు. ఒకరిది ప్రథమం, ఒకరిది అగ్రం. రెండూ శుభలేఖలో ఒకే వరుసలో వేసినట్టు పక్కపక్కన రాశారు. ఇది తెలిసి ఛైర్మన్ గారి బావమరిదికి మనసు కష్టపెట్టుకునే హక్కు ఏర్పడింది. ఆయనకు పరమప్రథమం ఇచ్చారు. అలా ఇచ్చుకుంటూ పోయేసరికి కంపెనీలో రెండో స్థానం అనేది రద్దయింది. ఇడ్లీ కూడా ప్రథమమే.

నేను ఇందులోకి ఎలా వచ్చానంటే, మూడో స్తంభం నిలబడాలంటే మండలిలో ఒక గృహిణి ఉండాలన్నాడు అన్వేష్. జీతం అడగని గృహిణి కావాలన్నారు ఛైర్మన్ గారు. అందుకని ఉద్యోగుల భార్యల్లో వెతికారు. డిగ్రీ చదివింది, మధ్యాహ్నాలు తీరికగా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు అని ఎవరో నా పేరు సూచించారు. మూడింటిలో ఒకటి నిజం. నా పదవి పేరు "గృహిణి గళం". భర్త ప్రాజెక్టుకు భార్య మార్కులు వేయవచ్చా అని ఒక సందేహం రావలసింది. అల్లుళ్ళ ప్రాజెక్టులకు మామగారు వేస్తున్నారు గనుక రాలేదు.

నేను వెళ్ళిన మొదటి సమావేశంలోనే మూత వచ్చింది. మా ఆయన బల్ల చివర నిలబడి రబ్బరు, క్లిప్పులు చూపించి రెండు నిమిషాల్లో ముగించారు. హరనాథ్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన నిజానికి నెమ్మదైన మనిషి. ఎవరైనా మూత అన్నప్పుడల్లా ఆయనకు కిటికీలో ఏదో కనిపిస్తుంది.

అన్వేష్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ ప్రాజెక్టు ఉద్దేశం లోపాన్ని దిద్దడం. ఔనాండీ?"

"ఔను," అన్నారు మా ఆయన.

"మన నాలుగో లక్ష్యం లోపరహిత సంస్థ. లోపరహిత సంస్థలో దిద్దడానికి లోపం ఎక్కడిది? దీన్ని ఆమోదిస్తే లోపం ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు. అంటే ఈ ప్రాజెక్టు లక్ష్యానికి తోడ్పడకపోగా దెబ్బ తీస్తోంది. మైనస్ ఇరవై."

"లోపం దిద్దితేనే కదా లోపం లేకుండా పోయేది?"

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. మదింపు విధానంలో దానికి గడి లేదు."

"చిదంబరరావ్," అన్నారు ఛైర్మన్ గారు మెత్తగా, "అంతా నవ్వుతూ పని చేసుకుంటుంటే నువ్వొక్కడివే ఆ మూత పట్టుకుని వేలాడతావేంటయ్యా?"

"దాన్ని పట్టుకోకపోతే ఎగురుతోందండి."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఎందుకు నవ్వారో చెప్పవలసి వస్తుంది.

దసరాకు కొత్త మోడల్ విడుదల. గిరగిర గోల్డ్. బంగారు రంగు, అదే మూత. గోదాములో నలభై వేల మిక్సీలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ పక్కన 'మూత మార్చాలి' అని రాసి సంతకం పెడుతూ వచ్చిన మా ఆయన, ఈసారి ఇంకా పెట్టలేదు. పై శుక్రవారం మండలి కూర్చునే లోపు మా ఆయన సంతకం పెట్టాలని, పెట్టకపోతే ఆయన్ని గోడౌన్ ఇన్‌చార్జిగా పంపించి, సంతకం వచ్చిన ఇంకొకరిని ఆ కుర్చీలో కూర్చోబెడతామని కాగితం వచ్చింది. దాన్ని కూడా ఆయన రెండుసార్లు చదివారు.

ఆ సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏమోయ్, గోడౌనుకి వెళితే బాగుంటుందా?"

"చల్లగా ఉంటుందేమో. ఎలకలుంటాయి. మీరు చదువుకోడానికి బోలెడన్ని అట్టపెట్టెలు, అన్నిటి మీదా అచ్చు ఉంటుంది."

ఆయన నవ్వలేదు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగుతూ కూర్చున్నారు.

"హైమా, మొన్న గుడివాడ నుంచి ఒకావిడ ఫ్యాక్టరీకి వచ్చింది. చేతికి మోచేతిదాకా కట్టు. ఉడికిన పప్పు వేసిందట. మిక్సీ బల్ల మీద పెట్టి, వేరేది ఇవ్వొద్దు బాబూ అంది. మరేం కావాలమ్మా అంటే, మా పక్కింటి పిల్ల కూడా ఇదే కొంది, దానికి చంటిది ఉంది, వంటింట్లోనే చాప మీద పడుకోబెట్టుకుని వండుతుంది, ఆ మూత సంగతేదో చూడండి అంది."

"మీరేమన్నారు?"

"చూస్తానన్నాను." ఆ ఈనె ఎప్పుడో ఊడి వచ్చేసింది, ఆయనింకా లాగుతూనే ఉన్నారు. "నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు. నలభై వేలూ పోతాయి. నేను గోడౌనులో కూర్చుంటే మాత్రం ఆ మూత ఆగుతుందా?"

ఆయన లేచి వెళ్ళాక చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆలోచించాను. కంపెనీలో ఎవరూ మూత బాగాలేదని అనలేరు. బాగుందని మాత్రం ఎవరైనా ఎంతైనా అనవచ్చు. దానికి అడ్డు లేదు. అయితే ఇంతవరకూ ఎవరూ చాలినంత అనలేదు.

శుక్రవారం మండలి కూర్చుంది. మా ఆయన్ని బల్ల చివర కూర్చోబెట్టారు. ఆయన ముందు సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి, గోడౌను కాగితం ఒకటి. ఏది కావాలంటే అది తీసుకోమన్నట్టు పళ్ళెంలో పెట్టినట్టే పెట్టారు.

"మొదలుపెట్టే ముందు, గృహిణి గళం ఏమైనా చెబుతుందా?" అన్నారు ఛైర్మన్ గారు మర్యాదకు. ఆయన ఉద్దేశం నేను తల ఊపాలని.

"ఒక్క మాటండీ," అన్నాను. "మన మిక్సీలో ఇల్లాళ్ళందరూ మాట్లాడుకునేది ఒక్క మూత గురించేనండీ. మోటారు ఊసే ఎవరూ ఎత్తరు. మా అపార్ట్‌మెంట్లో నలుగురం కూర్చుంటే మూత మాట రాకుండా లేవం."

హరనాథ్ గారు కిటికీ వైపు తిరిగారు. ఛైర్మన్ గారి మొహం విచ్చుకుంది. "చూశారా! చూశారా!"

"అలాంటి మూత గీసినాయన ఎవరో జనానికి తెలియదండీ. నాకు బాధగా ఉంటుంది. గిరగిర గోల్డ్ మూత మీద ఆయన పేరు వేయిస్తే ఎలా ఉంటుంది? 'ఈ మూత రూపకర్త శ్రీ హరనాథ్ గారు' అని. చదువుకునేంత పెద్దక్షరాలతో."

మా ఆయన నావైపు చూశారు. పెళ్ళిరోజు రిజిస్టరును చూసినట్టు చూశారు.

ఛైర్మన్ గారికి కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళలో నా సొంత మనుషులకు ఒక్కడికీ రాలేదమ్మా ఈ ఆలోచన. అన్వేష్, మార్కులు వెయ్యి."

అన్వేష్ వేళ్ళు ల్యాప్‌టాప్ మీద పరుగెత్తాయి. "విస్తరణ… దేశమంతటా పేరు వెళుతుంది, పూర్తి మార్కులు. భావోద్వేగ బంధం… సరిగ్గా వంట మధ్యలో గృహిణికి ఆయన గుర్తుకొస్తారు, పూర్తి మార్కులు. నాలుగోది, రూపకర్తే పేరు వేసుకున్న వస్తువులో లోపమన్న ప్రశ్నే రాదు. సర్! వందకి వంద! ఈ విధానం మొదలైన తర్వాత ఇదే ప్రథమం. అంటే, నిజంగా ప్రథమం."

"పేరెందుకండీ నాకు," అన్నారు హరనాథ్ గారు చిన్నగా.

"మీ వినయం నాకు తెలీదా అల్లుడు గారూ!"

చిన్నల్లుడు పృథ్వీ గారు అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నారు. తోడల్లుడి గొంతు విని తల ఎత్తారు. ఆయనకు ఏదో అర్థమైంది. "ఫొటో కూడా వేద్దాం మామయ్యగారూ. అన్నయ్యగారు నవ్వుతూ ఉన్నది. జనం మొహం గుర్తుపెట్టుకుంటారు."

"వద్దు పృథ్వీ."

"అలా అనకండి అన్నయ్యగారూ. బందరు రోడ్డు మీద మీరు నడుస్తుంటే ఆడవాళ్ళందరూ ఆగి, ఈయనే, ఈయనే అనుకోవాలి."

హరనాథ్ గారు మంచినీళ్ళు తాగారు. "పోనీ, దీన్ని రెండో స్థానంలో పెట్టండి. వచ్చే ఏడాది చూద్దాం."

"రెండో స్థానం లేదు కదండీ," అన్నాడు అన్వేష్ బాధగా. "వంద మార్కులు వచ్చాక అమలు తక్షణం. ముందు మూతల మీద అచ్చు, ఆ తర్వాత సంతకం, ఆ తర్వాత లారీలు. స్టిక్కర్ల వాళ్ళకు ఇప్పుడే చెబుతున్నాను." నిజంగానే ఫోను తీశాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "చేసేదెలాగూ చేస్తున్నారు, కింద అల్లుడు గారి ఫోన్ నంబరు కూడా ఉంటే బాగుంటుందండీ. మాలాంటివాళ్ళం అక్కడికక్కడే మనసులో మాట చెప్పుకోవచ్చు. ఎక్కువగా పొద్దునపూట చేస్తారు, క్యారేజీలు కట్టే వేళ."

"నంబరు చెప్పండి సర్," అన్నాడు అన్వేష్, ఫోను చెవికి ఆనించుకుని.

హరనాథ్ గారు మళ్ళీ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"తొమ్మిదీ ఎనిమిదీ," అని ఛైర్మన్ గారే అందుకున్నారు.

"ఆపండి మామయ్యగారూ!"

అల్లుడు మామగారి మీద గొంతు ఎత్తడం ఆ గదిలో ఎవరూ ఎరగరు. అన్వేష్ ఫోను దించేశాడు.

"పేరూ వద్దు, బొమ్మా వద్దు, నంబరూ వద్దు. ఆ మూత ఎగురుతుందండీ."

ఛైర్మన్ గారు తెల్లబోయారు. "ఎవరన్నారా మాట? ఎవరు మీతో అలా అన్నది?"

"ఎవరూ అనలేదు. మా ఇంట్లో మీ అమ్మాయి మిక్సీ వేసేముందు మూత మీద సన్నికల్లు పొత్రం పెడుతుంది. పెళ్ళైన కొత్త నుంచీ అంతే. ఎందుకే అంటే, శబ్దం తగ్గుతుందండీ అంటుంది. నేను నొచ్చుకుంటానని."

ఛైర్మన్ గారు మెల్లగా కుర్చీలో వెనక్కి జారారు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం నాయనా?"

"మీరు చూడగానే అద్భుతం అన్నారు. ఆ మాట కాదనడానికి నోరు రాలేదు. ఆ తర్వాత అందరూ అదే అన్నారు. ఒక్క ఈయన అనలేదు."

ఆయన లేచి బల్ల చివరికి నడిచి వచ్చారు. మా ఆయన ముందున్న గోడౌను కాగితాన్ని తీసుకుని రెండుగా చింపి జేబులో పెట్టుకున్నారు. నలభై దాటిన మనిషి, పెద్దల్లుడు. టీచరు ముందు నిలబడ్డ పిల్లాడిలా చేతులు కట్టుకున్నారు.

"మూతలు మార్చేదాకా లారీలు కదలవు. ఆ రబ్బరూ, ఆ క్లిప్పులూ మీరన్నట్టే వేయించండి చిదంబరరావు గారూ. మీరు చెబుతున్నంతకాలం నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ మూత నేను తప్పు గీశానండీ. తప్పు నాదే."